సలాబత్‌పురా బట్టల పనిలో ‘జాబ్’, ‘వర్క్’: రెండు మాటల అర్థాలు, వాడుకలు

సూరత్ రింగ్ రోడ్డు వెంబడి బట్టల మార్కెట్లు వరసగా ఉంటాయి. వాటిని ఆనుకుని ఉన్న పాత పేట సలాబత్‌పురా. బేగంపురా, రుస్తంపురా, హరిపురా లాగే ‘పురా’తో ముగిసే పేరు. విజయవాడ వస్త్రలతలోనూ హైదరాబాద్ బేగంబజారులోనూ టోకున అమ్ముడయ్యే సింథటిక్ చీరలు చాలావరకు ఈ మార్కెట్ల నుంచే మూటలు కట్టుకుని బయల్దేరుతాయి. ఆ మూట కట్టేలోపు వ్యాపారి పుస్తకంలో ఒక మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: జాబ్‌వర్క్. బట్టను అద్దకానికి పంపినా జాబ్‌వర్కే, ఎంబ్రాయిడరీకి పంపినా జాబ్‌వర్కే.

ఎంబ్రాయిడరీ మిషన్లు పెట్టుకున్న మనిషిని ఆ పుస్తకం ‘జాబ్ వర్కర్’ అంటుంది. ఆ మిషన్ ముందు షిఫ్టు పొడవునా నిలబడి తెగిన దారాలు అతికే మనిషి కాగితం మీద ‘వర్కర్’, నోటిమాటలో కారీగర్. రెండు పేర్లకూ తేడా ‘జాబ్’ అన్న ఒక్క మాట. కానీ మొదటి మనిషికి యంత్రం ఉంది, సరుకు లేదు. రెండో మనిషికి యంత్రమూ లేదు, సరుకూ లేదు. వీళ్లిద్దరికీ బయట ఇంకొకరున్నారు. ఇంట్లో చీర పరుచుకుని రాళ్లు అతికించే, లేసు కుట్టే, వెనకవైపు దారాలు కత్తిరించే ఆడమనిషి. ఆమెకు ఈ రెండు పేర్లలో ఏదీ స్థిరంగా లేదు.

ఇంగ్లీషులో అతి సామాన్యమైన ఈ రెండు మాటలు, జాబ్, వర్క్, ఇంగ్లీషులో ఎలా విడిపోయాయి, తెలుగులోకి వచ్చి ఏ అర్థాల్లో కుదురుకున్నాయి, సూరత్ బట్టల వ్యాపారంలో ఏ పని చేస్తున్నాయి అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. ఆధారాలు మూడు రకాలు: నిఘంటువుల చరిత్ర, చట్టాల్లోని నిర్వచనాలు, తెలుగువాళ్ల రోజువారీ వాడుక. నిఘంటువు ఒక మాటకు ఇచ్చే తేదీ అది మొదట రాతలో కనిపించిన తేదీయే గాని జనం నోట పుట్టిన తేదీ కాదు. చట్టం ఇచ్చే నిర్వచనం ఆ చట్టం అవసరానికి కట్టిందే గాని మాట మొత్తం అర్థం కాదు. ఈ రెండు హద్దులూ మనసులో పెట్టుకుని కింది సంగతులు చదవాలి.

ఇంగ్లీషులో

‘వర్క్’ చాలా పాత మాట. ప్రాచీన ఆంగ్లంలోనే ఉంది. జర్మన్ ‘వెర్క్’ దీని సోదర పదం. గ్రీకు ‘ఎర్గాన్’ కూడా ఇదే మూలానికి చెందింది. ‘ఎనర్జీ’ అన్న మాటలో ఉన్నది ఆ ఎర్గానే. ‘జాబ్’ వయసు అంత కాదు. 16వ శతాబ్దం నడుమకు ముందు రాతల్లో దాని జాడ లేదు, పుట్టుక కూడా తేలలేదు. మొదట్లో దాని అర్థం ‘ఒక ముక్క పని’, విడిగా ఒప్పుకుని విడిగా ముగించే పని. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ దీన్ని తక్కువరకం మాటల్లో చేర్చాడు, వ్యుత్పత్తి తనకు తెలియదని రాశాడు, చిల్లర పని, అనుకోకుండా తగిలే పని అని అర్థాలిచ్చాడు. నెల జీతం, కుర్చీ, హోదా కలిసిన ‘ఉద్యోగం’ అనే అర్థం 19వ శతాబ్దం నడిమి దాకా స్థిరపడలేదు.

వ్యాకరణం కూడా ఈ తేడానే చూపుతుంది. ఇంగ్లీషులో జాబ్‌ను లెక్కపెట్టవచ్చు: ఒకటి, రెండు, పది. వర్క్‌ను లెక్కపెట్టరు. ‘వర్క్స్’ అని బహువచనం చేస్తే అర్థమే మారిపోయి రచనలో, కర్మాగారమో, కట్టడం పనులో అవుతాయి. జాబ్‌కు మొదలూ తుదీ ఉంటాయి, దాన్ని ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఉంటారు. వర్క్‌కు అవేవీ తప్పనిసరి కావు. ఇంటి చాకిరీ వర్క్ అవుతుంది గాని, డబ్బు చేతులు మారకపోతే సాధారణంగా దాన్ని జాబ్ అనరు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ‘జాబ్‌వర్క్’ అన్న జంట మాటలో ఉన్నది జాబ్ పాత అర్థం. ముక్కకింత అని ఒప్పుకుని చేసే పని. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో రోజువారీ వాడుక ఉద్యోగం వైపు జరిగిపోగా, మన దేశపు వ్యాపార పరిభాష ఆ పాత అర్థాన్ని పదిలంగా నిలుపుకుంది. తెలుగు ఊళ్ల ప్రింటింగ్ ప్రెస్సుల్లో శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేయడాన్ని జాబ్‌వర్క్ అనేవారు. పుస్తకాల అచ్చు వేరు. కోర్టుల దగ్గర టైపు మిషన్లతో కూర్చునేవాళ్ల బోర్డుల మీద ‘జాబ్ టైపింగ్’ అని ఉండేది. సూరత్ జాబ్‌వర్క్ ఆ వరసలోదే.

తెలుగులో

తెలుగులోకి వచ్చాక రెండు మాటలూ తలో దారి పట్టాయి. ‘జాబ్’ పాత అర్థాన్ని బోర్డులకూ బిల్లులకూ వదిలేసి, ఇళ్లలో ఒక్క అర్థానికే బిగుసుకుంది: జీతమున్న, వీలైతే నియామక పత్రమున్న ఉద్యోగం. ‘ఇద్దరు కొడుకులూ జాబ్ హోల్డర్లు’ అన్న పెళ్లిసంబంధం మాటలో కూలిపని, సొంత మగ్గం, వ్యవసాయం ఏదీ ఇమడదు. పక్కన వాడే క్రియలు చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. జాబ్ ‘వస్తుంది’, జాబ్ ‘కొడతారు’, జాబ్ ‘పోతుంది’. పని ‘దొరుకుతుంది’, పనిలోకి ‘దిగుతారు’, పనికి ‘పోతారు’. జాబ్ పరీక్షో ఇంటర్వ్యూనో దాటి గెలుచుకునేది. పని ఏ రోజుకారోజు వెతుక్కునేది. మగ్గం మీద ముప్పై ఏళ్లు గడిపిన మనిషి కూడా ‘జాబ్ చేశాను’ అనడు. తెలంగాణ పవర్‌లూమ్ కార్మికుల నోట వినిపించే ‘డ్యూటీకి పోతున్న’ అన్నది ఈ రెంటి నడుమ పుట్టిన మూడో దారి. జాబ్ అనేంత భరోసా లేదు, పని అనేంత వదులూ కాదు, షిఫ్టు మాత్రం తప్పదు.

ప్రభుత్వ కాగితం ఈ హద్దును మార్చగలదా అనడానికి ఒక మంచి పరీక్ష జరిగింది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం కింద ఇంటింటికీ ఇచ్చిన కార్డు పేరు ‘జాబ్ కార్డు’. పల్లె అంతా ఆ మాటే పలికింది. కానీ కార్డుతో దొరికిన దాన్ని ఎవరూ జాబ్ అనలేదు. ఉపాధి పని, వంద రోజుల పని, కరువు పని అన్నారు. కార్డు పేరు నిలిచింది, అర్థం మాత్రం దిగలేదు. ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టలేం గాని, పైనుంచి వచ్చిన పేరును జనం తీసుకోవడం వేరు, ఆ పేరులోని హోదాను తమదిగా భావించడం వేరు అని మాత్రం ఇది గట్టిగానే చూపుతుంది.

‘వర్క్’ దారి ఇంకా ఆసక్తికరం. ఒక అర్థంలో అది తీరిక లేకపోవడం: ‘ఇవాళ చాలా వర్కుంది.’ రెండో అర్థంలో గుత్తేదారు చేజిక్కించుకునే కాంట్రాక్టు: ‘ఆయనకు రోడ్డు వర్కులు వచ్చాయి.’ ఇంగ్లీషు లెక్కపెట్టని మాటను తెలుగు ఇక్కడ హాయిగా లెక్కపెట్టేసింది. మూడో అర్థం బట్టలది. ‘వర్క్ చీర’, ‘స్టోన్ వర్క్’, ‘జాకెట్టుకు వర్క్ చేయించాను.’ ఇక్కడ వర్క్ అంటే శ్రమ కాదు, శ్రమ బట్ట మీద మిగిల్చిన అలంకారం. పనిచేసిన మనిషి వాక్యంలోంచి తప్పుకుని, పని వస్తువులో భాగమైంది.

ఈ మూడో అర్థానికి తెలుగులో అందమైన సాక్ష్యం ఉంది. ‘మగ్గం పని’, ‘మగ్గం వర్క్’ అన్న రెండు మాటలు పక్కపక్కన పెట్టండి. ఇంగ్లీషు నుంచి చూస్తే రెండూ ఒకటే కావాలి. కాని మగ్గం పని అంటే నేత. మగ్గం వర్క్ అంటే చట్రానికి బిగించిన గుడ్డ మీద సూదితో, పూసలతో, జరీతో చేసే కుట్టు. ఆ చట్రాన్నీ మగ్గమనే అంటారు. మొదటి మాట చెప్పగానే పద్మశాలి ఇంటి గుంట మగ్గం గుర్తొస్తుంది, రెండోది చెప్పగానే పెళ్లి జాకెట్టు గుర్తొస్తుంది. రెండు మాటలూ ఒకే చోట నిలిచి అర్థాన్ని ఇంత స్పష్టంగా విడదీశాయంటే, తెలుగులో ‘పని’, ‘వర్క్’ పర్యాయపదాలు కావని ఒప్పుకోక తప్పదు.

‘జాబు’ అన్న మాట తెలుగులో ముందే ఉండేది, ఉత్తరం అనే అర్థంలో, ‘జవాబు’ నుంచి. ఇప్పుడది దాదాపు మరుగున పడింది. ఇంగ్లీషు జాబ్‌తో దానికి చుట్టరికం లేదు. ‘ఉద్యోగం’ కథ మాత్రం జాబ్ కథకు దగ్గర. సంస్కృతంలో ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం. తెలుగులో అది కొలువుగా స్థిరపడింది. చేసే చేతను చెప్పిన మాట కూర్చునే కుర్చీని చెప్పే మాటగా మారడం ఇంగ్లీషుకే పరిమితం కాదన్నమాట.

సలాబత్‌పురాలో

సూరత్ చీర ప్రయాణం ఇలా ఉంటుంది. పవర్‌లూమ్ ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, నేసిన గ్రే బట్టను, అంటే అద్దకం కాని బట్టను, వ్యాపారి కొంటాడు. పాండేసరా, సచిన్, పల్సానా, కడోదరా వైపున్న అద్దకం మిల్లుకు పంపుతాడు. తిరిగొచ్చిన బట్ట ఎంబ్రాయిడరీకి పోతుంది. అక్కడ మిషన్ యజమాని రేటును వెయ్యి కుట్లకింత అని లెక్క కడతాడు. ఆ తర్వాత రాళ్లు, లేసు, దారాల కత్తిరింపు. వీటిలో చాలా భాగం ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీద జరుగుతుంది, చీరకింత అని కూలి. చివరికి మడత, ప్యాకింగు, ట్రాన్స్‌పోర్టు. ఈ ప్రయాణంలో చీర అనేకుల చేతుల్లోకి పోతుంది. యాజమాన్యం మాత్రం వ్యాపారి దగ్గరే ఉంటుంది.

2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం సరిగ్గా ఈ అంశాన్నే పట్టుకుంది. రెండో సెక్షన్‌లోని 68వ నిర్వచనం ప్రకారం, రిజిస్ట్రేషన్ ఉన్న మరొకరికి చెందిన సరుకు మీద ఒక వ్యక్తి చేసే ఏ ప్రక్రియైనా జాబ్‌వర్క్. చేసేవాడు జాబ్ వర్కర్. చిన్న పనా పెద్ద పనా, చేత్తోనా యంత్రంతోనా, ఒక్కడా వంద మందితోనా అన్నవి నిర్వచనంలో లేవు. సరుకు ఎవరిదన్నదే ప్రశ్న. సూరత్‌లో జాబ్ అన్న మాటకు కేంద్రం కాలం కాదు, జీతం కాదు, యాజమాన్యం. వందల మందితో నడిచే అద్దకం మిల్లు కూడా పరాయి బట్టకు రంగు వేసినంతసేపు జాబ్ వర్కరే.

ఈ మాటకు పన్ను లెక్కలో ఎంత బరువుందో 2017లోనే తెలిసింది. బట్ట మీద కొత్తగా పడిన పన్నును వ్యతిరేకిస్తూ ఆ జులైలో సూరత్ వ్యాపారులు రోజుల తరబడి దుకాణాలు మూసేశారు. ఆగస్టు 5న జీఎస్టీ కౌన్సిల్ బట్టల జాబ్‌వర్కు మీద రేటును అన్నిటికీ 5 శాతానికి తెచ్చింది. 143వ సెక్షన్ ప్రకారం జాబ్‌వర్కుకు పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి, యంత్రాల వంటివైతే మూడేళ్లలోపు. సరుకు వెంట చలాన్ ఉండాలి. చీర ఎక్కడుందో, ఎన్నాళ్లుగా ఉందో, ఎవరి పేరున ఉందో కాగితం చెబుతుంది. ఆ చీర మీద వంగి కూర్చున్న మనిషి గురించి చెప్పే పని ఈ చట్టానిది కాదు. ఆ మాట చెప్పాల్సింది కార్మిక చట్టం.

కార్మిక చట్టాల్లో ‘వర్కర్’ వేరే దారిలో నిర్వచితమయ్యాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో వర్కర్ అంటే ఉత్పత్తి ప్రక్రియలో నియమితుడైన మనిషి. నేరుగా నియమించినా, కాంట్రాక్టరు ద్వారా నియమించినా, ప్రతిఫలం ఉన్నా లేకున్నా వర్కరే. సరుకు ఎవరిదన్న ఊసే ఇక్కడ లేదు. అంటే జీఎస్టీ చట్టపు ‘జాబ్ వర్కర్’, ఫ్యాక్టరీల చట్టపు ‘వర్కర్’ ఒకే మాట తాలూకు పొడుగు పొట్టి రూపాలు కావు. ఒకటి వస్తువుతో సంబంధాన్ని చెబుతుంది, ఇంకొకటి యజమానితో సంబంధాన్ని. ఒకే షెడ్డులో మొదటివాడు రెండోవాడికి యజమాని కూడా కావచ్చు.

ఇలాంటి పాత చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాలను ఇక్కడ పదాలకు సాక్ష్యంగా చూస్తున్నానే గాని, నేటి హక్కుల జాబితాగా కాదు.

ఇంట్లో చీర మీద రాళ్లు అతికించే ఆడమనిషి దగ్గరకు వద్దాం. చీర వ్యాపారిది, ప్రక్రియ ఆమెది. పన్ను చట్టం అక్షరాలు పట్టుకుంటే ఆమె చేసేది జాబ్‌వర్క్ అని వాదించవచ్చు. ఆదాయం రిజిస్ట్రేషన్ హద్దుకు చాలా కింద ఉంటుంది కనుక ఆ వాదన ఆమెకు పన్ను తేదు, మేలూ తేదు. అదే జీఎస్టీ చట్టం మూడో షెడ్యూలులో, ఉద్యోగి తన యజమానికి చేసే సేవ పన్ను పరిధిలోకి రాదని ఉంది. అంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఆమె ఎవరి ఉద్యోగి అన్నది. ఆ ప్రశ్నకు 1948 కనీస వేతనాల చట్టం ఒక జవాబు ఇచ్చింది. మరొకరు తన వ్యాపారం కోసం వస్తువులు బయటకు ఇచ్చి, వాటిని కుట్టించినా, అలంకరింపజేసినా, ఆ పని ఇంట్లోనే జరిగినా, చేసిన మనిషి ‘అవుట్ వర్కర్’. అవుట్ వర్కర్ ఆ చట్టం దృష్టిలో ఉద్యోగే. రెండు నిర్వచనాలూ దాదాపు ఒకే దృశ్యాన్ని చూస్తున్నాయి: పరాయి సరుకు, దాని మీద ఒకరి చెయ్యి. ఒకటి ఆ చేతిని సేవలమ్మే వ్యాపారంగా చూసింది, ఇంకొకటి వేతనం రావాల్సిన మనిషిగా చూసింది. నా పరిశీలనలో ఈ విషయానికంతటికీ కీలకం ఇదే.

2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం, ఆ తర్వాత 2020 సామాజిక భద్రతా కోడ్ ‘ఇంటి ఆధారిత కార్మికులు’ అన్న నిర్వచనాన్ని విడిగా ఇచ్చాయి. ముడిసరుకు యజమాని ఇచ్చాడా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా వాళ్లు కార్మికులే. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర చేసే కూలిపని మీద 1996లో 177వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు.

మాట ఒక్కటే బతుకును మార్చదు. అయినా పేరు దొరికినచోట ఏం జరిగిందో చూడ్డానికి మన నేతన్నల ఇళ్లలోనే మరో ఉదాహరణ ఉంది. సిరిసిల్ల, నిజామాబాద్, షోలాపూర్‌లలో మగవాళ్లు మగ్గాల మీద ఉంటే ఆడవాళ్లు బీడీలు చుట్టారు. ఆకు, తంబాకు కంపెనీవి. చుట్టేది ఇంట్లో. కూలి వెయ్యి బీడీలకింత. రాళ్లు అతికించే పనికీ దీనికీ నిర్మాణంలో తేడా కనపడదు. కానీ 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్లనూ పేరు పెట్టి కార్మికుల్లో చేర్చింది. గుర్తింపు కార్డు, ప్రావిడెంట్ ఫండ్ ఆ తర్వాత వచ్చాయి. తర్వాత తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పింఛను ఇచ్చినప్పుడు అర్హతకు ఆధారంగా నిలిచింది ఆ పీఎఫ్ ఖాతాయే. దీనికి చట్టంలోని మాట మాత్రమే కారణమని అనలేం. సంఘాలు పోరాడాయి, పెద్ద కంపెనీల లెక్కలు తనిఖీకి దొరికాయి. చీర పనిలో వ్యాపారికీ ఆమెకూ నడుమ అనేకమంది ఉంటారు. అయినా పోరాటం నిలబడటానికి చట్టంలో ఒక పేరు ఉండటం తోడ్పడిందన్నది తోసిపుచ్చలేని సంగతి. 1972లో అహ్మదాబాద్‌లో కార్మిక నాయకురాలు ఇలా భట్ స్వయం ఉపాధి మహిళల ‘సేవా’ సంఘాన్ని నమోదు చేయించబోయినప్పుడు అధికారులు లేవనెత్తిన అభ్యంతరం కూడా ఇదే: యజమాని కనపడనివాళ్లు కార్మికులెలా అవుతారు? చివరికి సంఘం నమోదైంది, అదీ సూరత్ ఉన్న రాష్ట్రంలోనే.

లెక్కల్లో ఈ ఆడవాళ్లు ఎక్కడున్నారన్న ప్రశ్నకూ ఈ రెండు మాటలే అడ్డుపడతాయి. 2013 అక్టోబరులో జెనీవాలో 19వ అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సమావేశం వర్క్, జాబ్ రెంటినీ నిర్వచించింది. ఇతరుల కోసమో తమ కోసమో వస్తువులు తయారుచేసే, సేవలందించే పనంతా వర్క్. ఒక మనిషి ఒక ఆర్థిక సంస్థ కోసం చేసే పనుల మొత్తం జాబ్. వేతనం కోసమో లాభం కోసమో చేసేది ఉపాధి. వర్క్‌లో ఉపాధి ఒక రూపం మాత్రమే. ఈ కొలతతో చూస్తే రాళ్లు అతికించే ఆమె చేసేది వర్క్, ఆమెకున్నది జాబ్, ఆమె ఉపాధిలో ఉంది. మూడూ నిజమే. అదే మనిషిని తెలుగులో ‘మీరేమైనా జాబ్ చేస్తారా’ అని అడిగితే ‘లేదండీ, ఇంట్లోనే ఉంటాను’ అంటుంది. అబద్ధమేమీ కాదు. తెలుగులో జాబ్‌కున్న అర్థానికి ఆమె జవాబు కచ్చితంగా సరిపోతుంది. మన జనగణన ‘పని’కి ఇచ్చిన నిర్వచనంలో కూలి లేకుండా కుటుంబ వ్యాపారంలో చేసే సాయం కూడా ఉంది. కానీ లెక్క రాసే మనిషి ఏ మాటతో అడిగారన్నదాని మీద ఆ నిర్వచనం గడప లోపలికి వెళ్తుందా లేదా అన్నది ఆధారపడుతుంది.

రైలు పట్టాల అవతల లింబాయత్‌లో, దాని చుట్టుపక్కల, తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే ఆ జనాభా ఎంత స్థిరపడిందో తెలుస్తుంది. వాళ్ల చెవిన తెలుగు ‘పని’, హిందీ గుజరాతీల ‘కామ్’, బడిలో నేర్చిన ‘జాబ్’, బిల్లులోని ‘జాబ్‌వర్క్’ ఒకేసారి పడతాయి. ఇన్ని మాటలున్నచోట ఏది ఎవరి గురించి చెబుతోందో తెలియడం చదువుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, కూలికి సంబంధించిన విషయం.

ఈ చిక్కును తెలుగు ఒకచోట విప్పుకుంది. సిరిసిల్ల మరమగ్గాల్లో మూడు మెట్లున్నాయి. నూలు ఇచ్చి బట్ట తీసుకునేవాడు యజమాని. సొంత సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఆ నూలు నేయించి, కూలి పుచ్చుకునేవాడు ఆసామి. సాంచా నడిపేవాడు కార్మికుడు. జీఎస్టీ చట్టపు జాబ్ వర్కర్ సరిగ్గా మన ఆసామి. ‘ఆసామి’ అరబ్బీ ఫారసీల నుంచి వచ్చి, మనిషి, రైతు అన్న అర్థాలు దాటి, సిరిసిల్లలో ఈ ప్రత్యేకార్థం తెచ్చుకుంది. అందులో ‘పని’ అన్న ముక్క లేదు కనుక కార్మికుడితో కలిసిపోయే ప్రమాదమూ లేదు. సిరిసిల్ల దగ్గరి పెద్దూరులో మరమగ్గాల కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం తలపెట్టిన పథకానికి ‘వర్కర్ టు ఓనర్’ అని పేరు పెట్టారు. ఈ మెట్లు ఎక్కడం ఎంత కష్టమో ఆ పేరే చెబుతుంది. ఆసామి కూడా కష్టజీవే. నూలు రాకపోతే, కూలి బకాయి పడితే ముందు మునిగేది అతనే. అయినా అతని కష్టమూ కార్మికుడి కష్టమూ ఒకటి కాదు, పరిష్కారాలూ ఒకటి కావు.

‘జాబర్’ మాట కూడా ఈ పరిశీలనలో చోటు కోరుతుంది. 17వ శతాబ్దం చివర లండన్‌లో వాటాల బేరగాళ్లను స్టాక్ జాబర్లన్నారు. బొంబాయి, అహ్మదాబాద్ నూలు మిల్లుల్లో జాబర్ అంటే మనుషుల్ని కుదిర్చి, వాళ్ల మీద పెత్తనం చేసే మేస్త్రి. భారత కార్మికుల స్థితిగతుల మీద 1931లో వచ్చిన విట్లీ కమిషన్ నివేదిక జాబర్ల అధికారాన్ని వివరంగా చర్చించింది. నేటి పవర్‌లూమ్ పట్టణాల్లో మగ్గం బాగుచేసే మనిషి జాబర్. బేరగాడు, పెత్తందారు, మెకానిక్. మూడు చోట్లా మిగిలిన సమానాంశం ఒక్కటే: సరుకుకూ శ్రమకూ నడుమ నిలబడిన మనిషి. జాబ్ వర్కర్ కూడా ఆ నడుమే ఉన్నాడు. ఇది నాలుగు వాడుకల పోలిక నుంచి తీసిన ఊహే గాని, ఒకదాన్నుంచి ఒకటి పుట్టిందన్న వాదన కాదు.

ఇంతవరకు చూసిన ఆధారాలు నన్ను ఈ నిర్ణయానికి తెచ్చాయి. సూరత్ బట్టల పనిలో ‘జాబ్’ సరుకు యాజమాన్యం గురించి చెప్పే మాట. ‘వర్క్’ ఎక్కువగా బట్ట మీద కనిపించే అలంకారం గురించి చెప్పే మాట. పనిచేసే మనిషి గురించి చెప్పడానికి ‘వర్కర్’ మిగిలింది, దాని ముందు ‘జాబ్’ చేరగానే ఆ అర్థమూ జారిపోయి యంత్రం యజమానికి చెందుతుంది.

అందుకే తెలుగు పత్రికలకు, సూరత్‌లోని తెలుగు సంఘాలకు, దరఖాస్తులు నింపిపెట్టే యువతీయువకులకు ఒక విన్నపం. వార్తలో ‘జాబ్ వర్కర్లు’ అని రాసేటప్పుడు అది మిషన్ల యజమానుల గురించో, మిషన్ నడిపేవాళ్ల గురించో ఒక మాటలో చెప్పండి. మొదటివాళ్లకు ‘ఆసామి’ అన్న మంచి మాట మనకు ఉంది. 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్ 16 నుంచి 59 ఏళ్ల వయసున్న అసంఘటిత కార్మికుల కోసం పెట్టింది. ఇంట్లో చీరలకు రాళ్లు, లేసులు కుట్టే అమ్మ వివరాలు అందులో నింపేటప్పుడు ‘జాబ్ చేస్తావా’ అని అడగకండి. ‘ఎవరి చీరలు తెచ్చుకుంటావు, చీరకు ఎంతిస్తారు’ అని అడగండి. ఆమె చెప్పిన జవాబును ఇంటి ఆధారిత కార్మికురాలి పనిగానే నమోదు చేయండి.